నవ్వు ఎవరి మీద పడాలి? తెలుగు కామెడీ రచయితలకు ఒక బహిరంగ లేఖ

తెలుగు టీవీ ఛానళ్లకు, ఓటీటీలకు కామెడీ రాస్తున్న రచయితలకు, ఆ స్క్రిప్టులు ఓకే చేసే ప్రోగ్రామింగ్ పెద్దలకు నమస్కారం.

నేను గే. వయసు నలభై దాటింది. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటూ అమ్మతో ఉంటున్నాను. మీ షోలు చూసే ఇంట్లోనే పెరిగాను, ఇప్పటికీ చూస్తాను. రాత్రి భోజనాల వేళకు అమ్మకు ఏదో ఒక కామెడీ షో నడుస్తూ ఉండాలి. అందులో ఒక మగవాడు నడుము తిప్పుకుంటూ, గొంతు సాగదీసుకుంటూ వస్తాడు. ఇంకో మగవాడి చెంప నిమురుతాడు. అవతలివాడు అదిరిపడి వెనక్కి దూకుతాడు. 'తేడా', 'పాయింట్ ఫైవ్' లాంటి మాటలు నాలుగు పడతాయి. జడ్జీల సీట్లలో ఉన్నవాళ్లు పొట్ట పట్టుకుని నవ్వుతారు, స్కిట్ అయిపోతుంది. ఆ వచ్చిన మనిషికి పేరుండదు, ఊరుండదు, చేసే పని ఉండదు. అమ్మకు నా సంగతి తెలుసు. ఆ స్కిట్ వచ్చినప్పుడు ఆమె నవ్వదు, నా వైపు చూడదు కూడా. కూర ఇంకాస్త వేసుకోమంటుంది.

ఆ స్కిట్లు నిషేధించమని అడగడానికి ఈ లేఖ రాయడం లేదు. గే పాత్రను పెట్టి జనాన్ని కడుపుబ్బా నవ్వించవచ్చు, ఆ నవ్వులో ఆ మనిషి పరువు పోనక్కర్లేదు. ఇది ఊరికే అంటున్న మాట కాదు, అమెరికన్ టీవీలో 50 ఏళ్ల కిందటే చేసి చూపించారు. సిట్‌కామ్ (అవే పాత్రలతో వారంవారం నడిచే కామెడీ సీరియల్) అనే సరుకు మనకు అక్కడి నుంచే వచ్చింది. మీలో చాలామందికి 'ఫ్రెండ్స్' ఎపిసోడ్లు కంఠతా వచ్చని నాకు తెలుసు. అంతకు ఇరవై ఏళ్లకు పైగా ముందే వాళ్లు ఎక్కడ మొదలుపెట్టారో, ఎక్కడెక్కడ తప్పటడుగులు వేశారో మీకు చెప్పాలని ఉంది. పాత సిట్‌కామ్‌లు వెతుక్కుని చూడటం నాకు ఏళ్లుగా ఉన్న అలవాటు. ఇక్కడ రాస్తున్నది ఆ ఇష్టంతోనే.

1971 జనవరి 12న సీబీఎస్ ఛానల్‌లో 'ఆల్ ఇన్ ద ఫ్యామిలీ' మొదలైంది. నిర్మాత నార్మన్ లియర్. న్యూయార్క్‌లో క్వీన్స్ ప్రాంతం, ఒక మామూలు ఇల్లు. ఇంటిపెద్ద ఆర్చీ బంకర్‌కు నల్లవాళ్లంటే పడదు, యూదులంటే పడదు, పొడుగు జుట్టు కుర్రాళ్లంటే అసలే పడదు. భార్య ఈడిత్ అమాయకురాలు, మంచిది. కూతురు గ్లోరియా, అల్లుడు మైక్ ఆ ఇంట్లోనే ఉంటారు. మామా అల్లుళ్లకు క్షణం పడదు. జనం తిట్టిపోస్తారేమోనని ఛానల్‌కు ఎంత టెన్షన్ అంటే, మొదటి రాత్రి ఫోన్లు ఎత్తడానికి అదనంగా మనుషుల్ని పెట్టుకుంది. షోకు ముందు, మనలోని బలహీనతల మీద, దురభిప్రాయాల మీద హాస్యపు వెలుగు ప్రసరింపజేయడమే మా ఉద్దేశమని ఒక ప్రకటన కూడా వేసింది. అనుకున్నంత గొడవ ఏమీ రాలేదు.

ఐదో ఎపిసోడ్ ఫిబ్రవరి 9న వచ్చింది. మైక్ స్నేహితుడు రోజర్ ఇంటికి భోజనానికి వస్తాడు. సన్నగా, నాజూగ్గా, మెత్తగా మాట్లాడే కుర్రాడు. ఆర్చీ ఒక్క చూపులో తేల్చేస్తాడు, వీడు 'ఆ టైపే' అని. వాడి మీద నోటికొచ్చిన జోకులన్నీ వేస్తాడు. విసుగొచ్చి, తన సొంత మనుషులుండే కెల్సీ బార్‌కు పోతాడు. అక్కడ స్టీవ్ ఉంటాడు. ఒకప్పుడు ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ ఆడినవాడు, ఆరడుగుల మనిషి, ఆర్చీకి ఆరాధ్యదైవం. ఆ పాత్ర వేసిన ఫిలిప్ కేరీ కౌబాయ్ కథల్లో పేరున్న నటుడు. అసలు సంగతి, రోజర్ గే కాదు. స్టీవ్ గే.

మైక్ నోటివెంట ఈ మాట వినగానే ఆర్చీ అగ్గిమీద గుగ్గిలం అవుతాడు. బార్‌కు వెళ్లి, ఇద్దరూ టేబుల్ మీద మోచేతులాన్చి చేతి బలం పరీక్షించుకుంటూ ఉండగా, మా అల్లుడు నీ గురించి ఎంత మాటన్నాడో తెలుసా అని చెబుతాడు. స్టీవ్ మొహంలో కంగారు లేదు, కోపం లేదు. అతను చెప్పింది నిజమేనంటాడు. ఆర్చీ నమ్మడు, తమాషా చేస్తున్నావంటాడు. నన్ను ఎన్నేళ్లుగా ఎరుగుదువు, ఇన్నేళ్లలో నేనెప్పుడైనా ఒక ఆడదాని ఊసెత్తానా అని స్టీవ్ అడుగుతాడు. ఆర్చీ దగ్గర సమాధానం లేదు. అప్పటికీ నమ్మడానికి మనసు రాదు.

స్టూడియోలో ప్రేక్షకుల ముందు తీసిన ఎపిసోడ్ అది. వాళ్లు పడీపడీ నవ్వుతున్నారు. ఎవరిని చూసి? స్టీవ్‌ను చూసి కాదు. తాను అన్నీ తెలిసినవాణ్నని ఇరవై నిమిషాల నుంచీ రొమ్ము విరుచుకున్న మనిషి కళ్ల ముందే కూలబడుతుంటే నవ్వుతున్నారు. స్టీవ్‌కు రాసిన డైలాగులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అందులో ఒక్కటి కూడా అతన్ని చిన్నబుచ్చదు. అమెరికా సిట్‌కామ్‌లలో గే పాత్రతో వచ్చిన తొలి ఎపిసోడ్లలో ఇదొకటి. జోకు కట్టే పద్ధతి ఒక్కటే చూసుకున్నా ఇప్పటికీ దీనికి వంక పెట్టలేం.

ఇది ఎక్కడిదాకా వెళ్లిందో చూడండి. అప్పటి అధ్యక్షుడు రిచర్డ్ నిక్సన్ ఆ షో చూశాడు. 1971 మే 13న తన ఆఫీసులో సహాయకులతో కూర్చుని దాని కథంతా చెప్పి, స్వలింగ ప్రేమను టీవీలో ఇలా గొప్ప చేసి చూపిస్తారా అని మండిపడ్డాడు. గ్రీకు నాగరికత నాశనమైంది దీనివల్లేనని కూడా అన్నాడు. ఆ గదిలో ఆయన పెట్టించుకున్న రికార్డింగ్ యంత్రం ఈ మాటలన్నీ టేపుకెక్కించింది. ఒక దేశాధ్యక్షుడికి అంత మంట పుట్టించిన పాత్ర ఆ ఎపిసోడ్‌లో చేసిందల్లా స్నేహితుడికి నిజం చెప్పడమే.

అలాగని ఆర్చీ మీద వేసిన జోకులన్నీ అనుకున్న చోటే తగిలాయని చెప్పను. 1974లో నీల్ విడ్మార్, మిల్టన్ రోకీచ్ అనే ఇద్దరు పరిశోధకులు ఈ షో ప్రేక్షకుల మీద ఒక అధ్యయనం ప్రచురించారు. మనసులో అప్పటికే ద్వేషం ఉన్నవాళ్లు ఆర్చీనే మెచ్చుకుంటున్నారని, గెలిచేది అతనేనని అనుకుంటున్నారని తేలింది. దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. వెక్కిరింపు ద్వేషం మీదేనని రచయిత అనుకుంటే చాలదు. చూసేవాడు తనకు కావలసిన జోకే ఏరుకుంటాడు. అందుకే నాకు స్టీవ్ ముఖ్యం. ఆర్చీ మాటల్ని ఎవరు ఎలాగైనా అర్థం చేసుకోవచ్చు. బీరు గ్లాసు ముందు నిబ్బరంగా కూర్చుని, అవును నేను అదే అన్న మనిషిని మాత్రం వంకర తిప్పి చూడటం కష్టం. వెక్కిరింతకు గురయ్యే మనిషికి సొంత నోరు ఇవ్వడమే ఆ స్క్రిప్టులోని అసలు పనితనం.

నోరు ఇవ్వకపోతే ఏమవుతుందో మరుసటి ఏడాదే తెలిసింది. 1972 వేసవిలో ఏబీసీ 'ద కార్నర్ బార్' అనే సిట్‌కామ్ తెచ్చింది. అందులో పీటర్ పనామా అనే సెట్ డిజైనర్ ఉంటాడు, విన్సెంట్ స్కియవెల్లి వేశాడు. అమెరికన్ టీవీలో మళ్లీమళ్లీ కనిపించే తొలి గే పాత్ర అదే. చరిత్రలో చోటు దక్కింది కానీ, పాత్ర మాత్రం మన స్కిట్లలో కనిపించే మనిషే. చేతుల ఊపు, సాగదీత, వచ్చామా నవ్వించామా పోయామా. గే హక్కుల సంఘాలు తీవ్రంగా తప్పుబట్టాయి. మరుసటి ఏడాది షో రెండో విడత వచ్చేసరికి పీటర్ లేడు. లోతుగా రాయడం కన్నా తీసేయడం తేలికని వాళ్లకు అనిపించినట్టుంది.

దాని పక్కన 1973 జనవరిలో 'మేరీ టైలర్ మూర్ షో'లో వచ్చిన ఒక ఎపిసోడ్ పెట్టి చూడండి. ఇద్దరూ మేరీ స్నేహితురాళ్లే అయినా ఫిలిస్‌కు రోడా అంటే గిట్టదు. ఫిలిస్ తోడబుట్టినవాడు బెన్ ఊళ్లోకి వస్తాడు, వచ్చిన దగ్గర నుంచీ రోడాతోనే తిరుగుతుంటాడు. ఎక్కడ ఆ పిల్ల మా ఇంటి కోడలవుతుందోనని ఫిలిస్ గుండెలు బాదుకుంటుంది. చివరికి రోడా, మాకు పెళ్లేమిటి, అతను గే కదా అనేస్తుంది. క్షణం నిశ్శబ్దం. ఆ తర్వాత ఫిలిస్ ఎగిరి గంతేసినంత పనిచేసి రోడాను కావలించుకుంటుంది, హమ్మయ్య పెళ్లి గండం గడిచిందని. అప్పటికింకా అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ స్వలింగ ప్రేమను మానసిక రుగ్మతల జాబితాలోంచి తీసేయలేదు. అది అదే ఏడాది డిసెంబరులో జరిగింది. డాక్టర్ల కన్నా పదకొండు నెలలు ముందే ఒక కామెడీ షో ఆ మాటను మామూలు సంగతిలా చెప్పి, జనాన్ని నవ్వించి పంపించింది.

ఇదంతా రచయితల మంచితనం వల్లే జరిగిందనుకోకండి. బయట నుంచి గట్టిగా తలుపు తట్టినవాళ్లున్నారు. 1973 డిసెంబరు 11న మార్క్ సెగల్ అనే గే హక్కుల కార్యకర్త, కుర్రాడు, సీబీఎస్ రాత్రి వార్తలు లైవ్‌లో నడుస్తుండగా స్టూడియోలోకి చొరబడ్డాడు. ఆ వార్తలు చదివే వాల్టర్ క్రాంకైట్ అంటే ఆ దేశంలో ఇంటింటికీ పెద్దమనిషి లెక్క. ఆయన ముందున్న బల్ల ఎక్కి కూర్చుని, సీబీఎస్ వివక్షకు నిరసన అని రాసిన అట్ట కెమెరాకు చూపించాడు. దేశమంతా చూసింది. తర్వాత క్రాంకైట్ ఆ కుర్రాడితో మాట్లాడి, అతని బాధేమిటో విన్నాడు. ఆ దశాబ్దంలోనే లాస్ ఏంజెలస్‌లో న్యూటన్ డైటర్ అనే సైకాలజిస్టు నడిపిన గే మీడియా టాస్క్ ఫోర్స్‌కు ఛానళ్లు షూటింగుకు ముందే స్క్రిప్టులు చూపించి అభిప్రాయం అడిగేవి. వాళ్లు చెప్పినవన్నీ వినలేదు. అయినా అడగడమంటూ మొదలైంది.

మార్పు ఒక్కోసారి షో నడుస్తుండగానే వచ్చింది. 1977 సెప్టెంబరులో ఏబీసీ 'సోప్' మొదలుపెట్టకముందే దాదాపు 32,000 ఉత్తరాలు వచ్చి పడ్డాయి. ఇంచుమించు అన్నీ వద్దనే. అందులో బిల్లీ క్రిస్టల్ వేసిన జోడీ డల్లాస్ అనే పాత్ర గే. మొదట్లో రాసినవాళ్లకే ఆ పాత్ర మీద స్పష్టత లేదు. జోడీ తల్లి బట్టలు కట్టుకుంటాడు, ప్రియుడి కోసం ఆపరేషన్ చేయించుకుని ఆడదానిగా మారతానంటాడు. గే కావడం వేరు, ట్రాన్స్‌జెండర్ కావడం వేరు. రెండూ కలగాపులగం చేశారని సంఘాలు కోప్పడ్డాయి, అది న్యాయమైన కోపం. పోనుపోను జోడీకి గాంభీర్యం వచ్చింది. తండ్రయ్యాడు, బిడ్డ కోసం కోర్టుకెక్కాడు, గెలిచాడు. గే తండ్రికి బిడ్డను అప్పగించిన కోర్టు సీను ఆ రోజుల్లోనే ఒక కామెడీలో నడిచిందంటే ఇప్పటికీ ఆశ్చర్యమేస్తుంది. ఉత్తరాలకు భయపడి ఆపేసి ఉంటే ఆ జోడీ పుట్టేవాడే కాదు. 'సోప్' 1981 దాకా నడిచింది.

మళ్లీ ఆర్చీ ఇంటికే వస్తాను, ఎందుకంటే నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఎపిసోడ్ అక్కడే ఉంది. 1977 అక్టోబరులో వచ్చింది. ఈడిత్ బంధువు లిజ్ చనిపోతుంది, ఆర్చీ దంపతులు అంత్యక్రియలకు వెళతారు. లిజ్ టీచరుగా పనిచేసింది. ఆమెతో ఏళ్ల తరబడి ఒకే ఇంట్లో ఉన్న వెరోనికా కూడా టీచరే. లిజ్‌కు దగ్గరి రక్తసంబంధం ఈడిత్ కాబట్టి, వెండి టీ సెట్టు చట్టప్రకారం ఈడిత్‌కు వస్తుంది. ఆర్చీ అప్పుడే దాని ధర లెక్కేసుకుంటున్నాడు. వెరోనికా ఈడిత్‌ను గదిలోకి తీసుకెళ్లి, ఆ సెట్టు నాకు వదిలేయమని అడుగుతుంది. ఎందుకో చెప్పడానికి మాటలు కూడదీసుకుంటుంది. మాది పెళ్లిలాంటిదే అంటుంది.

ఈడిత్‌కు ఏదీ చప్పున తలకెక్కదు. ఆ షోలో సగం నవ్వులు అక్కడి నుంచే వస్తాయి. ఇక్కడ కూడా ఆమె మొహంలో అర్థం కావడం మెల్లమెల్లగా మొదలవుతుంది. ప్రేక్షకులు నవ్వుతూ నవ్వుతూ ఆగిపోతారు. ఎవరికీ చెప్పుకోలేకపోయినందుకు నీకెంత కష్టమైందో అన్నట్టు చూస్తుంది. నిజమైన దగ్గరి బంధువువి నువ్వేనని, టీ సెట్టు ఉంచుకోమని చెప్పేస్తుంది. ఆర్చీ ఒప్పుకోడు, కోర్టుకు లాగుతానంటాడు. కోర్టుకెక్కితే విషయం బయటపడి వెరోనికా ఉద్యోగం పోతుంది. వీళ్లను దేవుడు చూస్తూ ఊరుకుంటాడా అని ఆర్చీ అంటే, తీర్పు చెప్పడానికి ఆయన దేవుడు, మీరు కాదు కదా అంటుంది ఈడిత్. అన్నేళ్ల కాపురంలో భర్తకు ఎదురు నిలబడటం ఆమెకు మామూలు సంగతి కాదు. ఆ ఎపిసోడ్ రచనకు, అమెరికన్ టీవీలో పెద్ద అవార్డైన ఎమ్మీ వచ్చింది. మరుసటి ఏడాదే కాలిఫోర్నియాలో గే, లెస్బియన్ టీచర్లను ఉద్యోగాల్లోంచి తీసేయాలన్న ప్రతిపాదన ఓటింగుకు వచ్చి ఓడిపోయింది. వెరోనికా భయం రచయితలు ఊహించి రాసింది కాదని చెప్పడానికే ఈ మాట.

ఈ ఎపిసోడ్ గురించి ఇంతసేపు చెప్పడానికి మన దగ్గరే కారణముంది. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు మమ్మల్ని నేరస్తుల జాబితాలోంచి తీసేసింది. 2023 అక్టోబరు 17న మా పెళ్లిళ్లకు చట్టబద్ధత ఇవ్వడం మాత్రం తమ చేతుల్లో లేదంది. కాబట్టి విజయవాడలోనో వరంగల్‌లోనో ఇరవై ఏళ్లు కలిసి బతికిన ఇద్దరు ఆడవాళ్లలో ఒకరు వీలునామా రాయకుండా పోతే, రెండో ఆమెకు చట్టప్రకారం చెంచా కూడా రాదు. వచ్చే బంధువు ఈడిత్ లాంటిదై ఉండాలి. ఇంతకన్నా తెలుగు ఇంటికి దగ్గరి కథ ఏముంటుంది చెప్పండి? దినాల దగ్గర నగల తగాదా మీకు తెలియనిది కాదు. అక్కడ పెద్దమ్మ కొడుకు చేసే హడావుడి, చిన్నాన్న లెక్కలు, మధ్యలో ఎవరికీ ఏమీ కాని ఒక ఆడమనిషి. మీరు రాస్తే మేం నవ్వుతాం, ఏడుస్తాం.

ఇక బెవర్లీ లసాల్. ఆర్చీ టాక్సీ నడుపుతున్న రోజుల్లో స్పృహతప్పిన ఒక ఆడమనిషికి నోట్లో నోరు పెట్టి ఊపిరి పోసి బతికిస్తాడు, ఊరంతా డప్పు కొట్టుకుంటాడు. ఆమె కృతజ్ఞతలు చెప్పడానికి ఇంటికొచ్చి విగ్గు తీస్తుంది. ఆడవేషం కట్టే స్టేజీ కళాకారుడు! ఆ పాత్ర వేసిన లోరీ షానన్ శాన్‌ఫ్రాన్సిస్కోలో నిజంగా ఆ వృత్తిలో ఉన్న మనిషే. 1975లో ఒకసారి, 1976లో మళ్లీ బెవర్లీ వచ్చింది. జనానికి నచ్చింది, ఈడిత్‌కు ప్రాణస్నేహం అయింది. 1977 క్రిస్మస్ ఎపిసోడ్‌లో వీధిలో దాడి చేసిన మూక నుంచి మైక్‌ను కాపాడబోయి బెవర్లీ చచ్చిపోతుంది. ఈడిత్‌కు దేవుడి మీద నమ్మకం పోతుంది, పండగపూట చర్చికి వెళ్లనంటుంది. రెండుసార్లు తమను నవ్వించిన మనిషి కాబట్టి ఆ చావు ప్రేక్షకులకు సొంత మనిషి చావులా తగిలింది. గే, ట్రాన్స్ పాత్రల్ని చంపి సానుభూతి పిండుకోవడం నాకు నచ్చదు, బెవర్లీ బతికుంటే బాగుండేదనే నా అభిప్రాయం. కానీ పాత్ర మళ్లీ రావడంలో ఉన్న బలం ఏమిటో ఇక్కడ తెలుస్తుంది.

ఆడవేషం అనేసరికి మన సంగతి గుర్తుకొస్తుంది. స్థానం నరసింహారావు గారు స్త్రీ పాత్రలు వేస్తే జనం బళ్లు కట్టుకుని వెళ్లి చూశారు, ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. కూచిపూడి వేదాంతం సత్యనారాయణ శర్మ గారి సత్యభామను తలుచుకుని ఇప్పటికీ పెద్దవాళ్లు పరవశించిపోతారు. మగవాడిలో ఆడతనాన్ని చూసి చేతులెత్తి మొక్కిన ప్రేక్షకులు మనవాళ్లే. కాబట్టి 'మన ఆడియన్స్ ఇంతే అండీ, వాళ్లకు ఇవే కావాలి' అని మీరంటే నేను ఒప్పుకోను.

స్పాన్సర్లు పోతారేమోనన్న భయం మాత్రం ఉత్తది కాదు. 1981లో ఎన్‌బీసీ 'లవ్, సిడ్నీ' మొదలుపెట్టింది. దానికి ముందు వచ్చిన టీవీ సినిమాలో టోనీ రాండాల్ వేసిన సిడ్నీ గే అని చెప్పారు. మత సంఘాలు ప్రకటనదారుల్ని బహిష్కరిస్తామని బెదిరిస్తున్న రోజులవి. సిరీస్‌కు వచ్చేసరికి ఆ మాటే ఎత్తలేదు. చనిపోయిన ప్రియుడి ఫొటో ఒకటి ఇంట్లో ఉంటుంది, తెలిసినవాడికి తెలుస్తుంది. 1997 ఏప్రిల్ 30న 'ఎలెన్'లో ఎలెన్ డిజెనరిస్ పాత్ర తాను లెస్బియన్‌నని బయటపెట్టుకున్న ఎపిసోడ్‌కు కొన్ని పెద్ద కంపెనీలు ప్రకటనలు ఇవ్వలేదు. అలబామాలోని బర్మింగ్‌హామ్ స్టేషన్ దాన్ని ప్రసారమే చేయనంది. ఆ ఊరివాళ్లు పెద్ద హాలు తీసుకుని, శాటిలైట్ ద్వారా తెప్పించుకుని చాలామంది కలిసి చూశారు. దేశం మొత్తం మీద 4 కోట్ల 20 లక్షల మంది చూశారు. విమానాశ్రయంలో ఎలెన్ ఎంతో కష్టపడి ఒకామె చెవిలో తన మాట చెప్పబోయి, కౌంటర్ మీదికి వంగి మైకులో చెప్పేస్తుంది. లాంజ్ మొత్తానికి వినపడుతుంది. ఆ జోకు ఎంత బాగా పేలిందో చూడండి, అందులో ఆమెకు అవమానం ఇసుమంతైనా ఉందా? మరుసటి ఏడాది షో ఆగిపోయిందన్నది కూడా నిజమే, దాచను. ఆ 1998లోనే, సెప్టెంబరులో, గే లాయర్ ముఖ్యపాత్రగా 'విల్ అండ్ గ్రేస్' మొదలైంది. అమెరికన్లకు గేల గురించి ఇంకెవరూ నేర్పనంత ఆ షో నేర్పిందని 2012లో ఉపాధ్యక్షుడి హోదాలో జో బైడెన్ అన్నాడు.

మధ్యలో 1983లో 'చీర్స్', 1986లో 'ద గోల్డెన్ గర్ల్స్' చేసినవి కూడా చూడమని చెబుతాను. 'చీర్స్'లో బార్ నిండా గేలు చేరిపోతారన్న భయంతో పాత కస్టమర్లు, వీళ్లే వాళ్లు అని అనుమానం వచ్చినవాళ్లను బయటికి గెంటేస్తారు. తీరా గెంటింది వేరేవాళ్లను. అసలువాళ్లు పక్కనే నిలబడి, ఆ పాత కస్టమర్లలో ఒకడైన నార్మ్‌కు రెండు బుగ్గల మీదా ముద్దుపెడతారు. 'గోల్డెన్ గర్ల్స్'లో డొరొతీ, బ్లాంచ్, రోజ్ ఒకే ఇంట్లో ఉండే పెద్దవయసు ఆడవాళ్లు. డొరొతీ స్నేహితురాలు జీన్ లెస్బియన్ అని తెలిస్తే బ్లాంచ్‌కు అభ్యంతరమేమీ ఉండదు. జీన్ మనసు పడింది రోజ్ మీదట, అందగత్తెను నేనుండగా ఆమె మీదా అని బ్లాంచ్ ఉడికిపోతుంది. చూశారా, ఎంత తేలిగ్గా నవ్వు దిశ మారిందో. ఇది రాయడానికి గే హక్కుల మీద పీహెచ్‌డీ అక్కర్లేదు, బ్లాంచ్ పొగరు బాగా తెలిస్తే చాలు.

మీకు ఇష్టమైన 'ఫ్రెండ్స్' గురించి ఒక మాట. 1996 జనవరిలో వాళ్లు ఇద్దరు ఆడవాళ్ల పెళ్లి చక్కగా చూపించారు. అదే షోలో ముఖ్యపాత్రల్లో ఒకడైన చాండ్లర్ తల్లిదండ్రుల్లో ఒకరైన ట్రాన్స్ మహిళను ఏళ్ల తరబడి జోకులకే వాడుకున్నారు. అది తప్పేనని షో సృష్టికర్తల్లో ఒకరైన మార్తా కాఫ్మన్ 2022లో ఒప్పుకుంది. ఇందులో మనకు ఉపయోగపడేది ఉంది. మీరు అరువు తెచ్చుకునే జోకుల్లో ఏవి పుచ్చిపోయాయో వాళ్లే చెబుతున్నారు, వాటిని పక్కన పెట్టండి.

నేను అడిగేవి పెద్ద కోరికలు కావు. గే పాత్ర రాసినప్పుడు అతనికి ఒక పేరు, ఒక ఊరు, ఒక ఉద్యోగం పెట్టండి. సచివాలయంలో సర్వేయర్ అనండి, కూకట్‌పల్లిలో కర్రీ పాయింట్ నడుపుతున్నాడనండి. మీ మిగతా పాత్రల్లాగే పిసినారిగానో కోపిష్టిగానో బడాయి మనిషిగానో చూపించండి, ఆ పిసినారితనం మీద ఎన్ని జోకులైనా వేయండి, మేమే ముందు నవ్వుతాం. పదిసార్లు వెక్కిరించినవాడికి ఒక్కసారైనా నోటమాట పడిపోయేలా జవాబు చెప్పనివ్వండి. ఒక ఎపిసోడ్‌తో పంపించేయకండి, మరుసటి వారం మళ్లీ రానివ్వండి. నాజూగ్గా నడిచే మగవాడిని రాయొద్దనడం లేదు. అలా నడిచేవాళ్లు మాలో ఉన్నారు, అందరికన్నా ఎక్కువ దెబ్బలు తిన్నది వాళ్లే. అతని నడకను జోకుగా వాడకండి, అంతే.

ట్రాన్స్‌జెండర్ల పాత్రలకు ట్రాన్స్‌జెండర్ నటుల్ని పిలవండి. 2023 జులైలో తెలంగాణ హైకోర్టు, వాళ్లను పుట్టుకతోనే అనుమానితుల్లా చూసిన నిజాం కాలపు చట్టాన్ని కొట్టేసింది. ఆ చట్టంలోని చూపు ఇంకా బతికున్న చోట్లలో మన కామెడీ స్టేజీ ఒకటి అని చెప్పడానికి నాకు బాధగా ఉంది.

చివరిగా, షూటింగుకు ముందు స్క్రిప్టు ఒకసారి మాలో ఎవరికైనా చూపించండి. హైదరాబాద్‌లో, విశాఖలో, విజయవాడలో తెలుగు బాగా వచ్చిన, కామెడీ అంటే చెవి కోసుకునే గే, లెస్బియన్, ట్రాన్స్ మిత్రులు ఉన్నారు. మీ రచయితల బృందంలోనే నోరు విప్పకుండా కూర్చున్నవాళ్లూ ఉండి ఉంటారు. మేం డైలాగులు కొట్టేయమని కూర్చోం. ఈ పంచ్ తప్పు మనిషి మీద పడింది, ఇటు తిప్పితే ఇంకా బాగా పేలుతుందని చెబుతాం. వచ్చే సీజన్ స్క్రిప్టులు మీరు ఇప్పుడే రాస్తుంటారు. ఒకటి పంపించి చూడండి, రెండు రోజుల్లో చదివి ఇస్తాం.

ఇట్లు,
మీ షోలు చూసే ఒక ప్రేక్షకుడు,
హైదరాబాద్